భూపాలపల్లి బూడిద

నేను ఇన్నేళ్లుగా మోస్తున్నది ఒక సంచి బూడిద. తూచితే పెద్ద బరువేం కాదు. యూరియా సంచిలో సగం కూడా లేదు. దాన్ని భుజాన వేసుకుని ప్రయోగశాల మెట్లెక్కిన రోజు నుంచి ఈ రోజు దాకా దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. ఒకే గదిలో ఉండి చదువుకున్న స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఎక్కడో నన్ను నేను కాస్త మంచివాణ్ణి చేసుకుంటానని భయం.

పేర్లు రాయను. నా పేరుతో మీకు పని లేదు. ఆమెను అనిత అనుకుందాం. అసలు పేరు అది కాదు.

తెలంగాణ ఉద్యమం ఊరూరా నడుస్తున్న కాలం అది. జనగామ దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక కాలేజీలో మేమిద్దరం రీసెర్చ్ చేసేవాళ్లం. మాది కేసముద్రం పక్కన ఊరు. ఆమెది కొత్తగూడ అడవుల్లో ఒక తండా. ఇద్దరికీ గైడు ఒక్కరే, సారు అనేవాళ్లం. ఆ సారుకు ఒక బయోడీజిల్ కంపెనీ పని అప్పజెప్పింది. కానుగ నూనె నుంచి డీజిల్ తీస్తే అడుగున గ్లిజరాల్ మిగులుతుంది. చిక్కగా, గోధుమ రంగులో, చేతికి జిగురుగా తగిలే ద్రవం. డ్రమ్ములకొద్దీ పేరుకుపోతుంది. అలాగే ఉంటే కొనేవాడుండడు. కానీ దాన్ని హైడ్రోజన్ ఒత్తిడిలో వేడి చేస్తే, సరైన ఉత్ప్రేరకం తోడుంటే, అది ప్రొపిలీన్ గ్లైకాల్‌గా మారుతుంది. మందుల సిరప్పుల్లో, ముఖానికి రాసే క్రీముల్లో పడే సరుకు. ఆ ఉత్ప్రేరకం తయారు చేయడమే మా ఇద్దరి పని.

ఉత్ప్రేరకమంటే మా దగ్గర రాగి. రాగి ఒక్కటే ఉంటే నిలబడదు. వేడికి దాని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోతాయి. అవి విడివిడిగా కూర్చోవాలంటే కింద ఏదో ఒక పొడి ఉండాలి. దాన్ని ఆధారం అంటాం. నేను అల్యూమినా వాడేవాణ్ణి. సీసాల్లో కొనుక్కొచ్చేది, లోకంలో అందరూ వాడేది. అనిత బూడిద వాడింది.

భూపాలపల్లిలో బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు ఉంది. అక్కడ ఆమె మేనమామ కాంట్రాక్టు కూలీ. పొగ గొట్టం దాకా ఎగిరిపోయే సన్నటి బూడిదను అక్కడ పట్టి ఆపుతారు. పిండి కంటే మెత్తగా, ముఖానికి రాసుకునే పౌడరులా జారుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే అన్నీ గుండ్రటి పూసలు. ఆ బూడిద మొదటిసారి తెచ్చిన రోజు అనిత అన్న మాట నాకింకా గుర్తుంది. "బొగ్గు మనది. కరెంటు ఎటో పోతది. బూడిద మనకు మిగుల్తది. గా బూడిదనన్న వాడుకుందామన్నా," అంది. సారు నవ్వారు. నేనూ నవ్వాను. ఉద్యమంలో ఉపన్యాసాలు విని విని ఈ పిల్లకు కెమిస్ట్రీలో కూడా అవే వినబడుతున్నాయనుకున్నాను.

ఆమె ఆ బూడిదను వేడి నీళ్లలో కడిగింది, ఆరబెట్టింది, కొలిమిలో కాల్చింది, దాని మీద రాగి ఎక్కించింది. ఆటోక్లేవ్ అని మాకు మందమైన ఉక్కు కుండ లాంటిది ఒకటుండేది. అందులో గ్లిజరాల్ పోసి, తన ఉత్ప్రేరకం వేసి, బిగించింది. సాయంత్రం తీసిన శాంపిల్‌ను, అందులో ఏది ఎంతుందో కాగితం మీద గీతలు గీసి చూపే యంత్రంలోకి ఎక్కించింది నేనే. కాగితం మీద గ్లిజరాల్ గీత దాదాపు మాయమైంది. పక్కన ప్రొపిలీన్ గ్లైకాల్ గీత నిటారుగా లేచింది. నా అల్యూమినా మీద అంత గీత నేను ఎప్పుడూ చూడలేదు. మళ్లీ చేసింది. మళ్లీ వచ్చింది. ఆ కానుగ గింజలు ఏరి అమ్మినవాళ్లలో వాళ్ల యాడి కూడా ఉంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ రోజు ఫోనులో యాడితో వాళ్ల భాషలో ఏదో చెప్పుకుని చాలాసేపు నవ్వింది.

కంపెనీవాళ్లకు కబురు వెళ్లింది. వచ్చి కళ్లారా చూస్తామన్నారు. వాళ్ల ముందే కొత్త బూడిదతో, కొత్తగా చేసిన ఉత్ప్రేరకంతో చేసి చూపించాలి. కుదిరితే ప్రాజెక్టు పొడిగిస్తారు, అనిత పీహెచ్‌డీ ఒడ్డున పడుతుంది. కుదరకపోతే ఆమె స్కాలర్‌షిప్ అంతటితో ఆగిపోతుంది. అందులో దాపరికం ఏమీ లేదు, సారు మా ఇద్దరి ముందే చెప్పారు. పాత బూడిద అయిపోయింది. అప్పుడే సమ్మె మొదలైంది. బస్సులు బంద్, బడులు బంద్, బొగ్గు బావులు బంద్. ఆమె ఆటోక్లేవ్ సీళ్లు మారుస్తూ ప్రయోగశాల వదలలేని స్థితిలో ఉంది. నువ్వుండు చెల్లె, నేను పోయొస్తా అన్నాను. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే అన్నాను.

హన్మకొండ దాకా ఏదో ఒక లారీ పట్టుకుని వెళ్లాను. అక్కడి నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి జీపులు తిరుగుతూనే ఉన్నాయి. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత చాలా ఏళ్లు నేనే మర్చిపోయినట్టు నటించాను. జీపులు తిరుగుతున్నాయి. నిండా జనం, పైన కూడా జనం. నేను ఎక్కలేదు. కేసముద్రం మార్కెట్‌కు పోతున్న ఖాళీ లారీ కనిపిస్తే అదెక్కాను. ఆకలేస్తోందనుకున్నాను. ఒకసారి ఇంటికి పోయి అమ్మను చూసి, తెల్లారి పోదామనుకున్నాను. అనుకున్నానా, లేక అనుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నానా? తెలియదు.

కేసముద్రంలో రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. ట్రాక్టర్లు అడ్డంగా పెట్టి, నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు. వండినవాళ్లు, వచ్చినవాళ్లు, ఆగిపోయిన లారీల డ్రైవర్లు అందరూ అక్కడే కూర్చుని తినాలి. మా ఊరివాళ్లు నన్ను చూసి, పెద్ద చదువులు చదివే పిలగాడు కూడా వచ్చిండని సంబరపడ్డారు. ఎవరో చేతికి గరిటె ఇచ్చారు. నేను పప్పు కలిపాను. డప్పు కొడుతుంటే నినాదాలిచ్చాను. అప్పటిదాకా ఉద్యమంలో నేను చేసింది ఏమీ లేదు. అనిత సెలవు దొరికితే చాలు ఊరేగింపుల్లో ఉండేది, నేను ప్రయోగశాల కిటికీలోంచి చూసేవాణ్ణి. ఆ రోజు పొగకు కళ్లు మండుతుంటే నాకు చాలా గర్వంగా అనిపించింది. మర్నాడు కూడా వెళ్లాను. ఆ మర్నాడు కూడా.

ఇంక భూపాలపల్లి పోయి రావడానికి టైం లేదని తేలినప్పుడు నేను మా ఊరి చివర ఉన్న ఇటుక బట్టీకి వెళ్లాను.

బట్టీ ఆ కాలంలో నడవదు. పోయిన ఎండాకాలం ఇటుకలు తీశాక మిగిలిన బూడిద కుప్ప వానకు తడిసి అలాగే పడి ఉంది. ఆ బట్టీలో కాల్చేది భూపాలపల్లి వైపు నుంచి వచ్చే బొగ్గు పొడే. బొగ్గు అదే కదా, బూడిద కూడా అదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ వాదన ఎంత బాగుందో చూడండి. పరీక్షలో ఒక విద్యార్థి ఇలా రాస్తే నేను సున్నా వేస్తాను. ఇటుక పొడి కలిసి పైన ఎర్రగా ఉంది. తవ్వి లోపలి నుంచి బూడిద రంగు తీశాను. ఇంటి డాబా మీద ఆరబెట్టాను. అమ్మ పాత నూలు చీర ముక్కలో పోసి జల్లించాను. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. చూడ్డానికి మాత్రమే.

అనిత సంచి మూతి విప్పి చిటికెడు తీసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దింది. ఇంకోసారి రుద్దింది. ఆ వేళ్లు నాకు ఈ రోజుకీ కనిపిస్తాయి.

"గిది జర గరుకున్నదన్నా. అక్కడిదేనా?"

"అక్కడిదే చెల్లె. గాలికి ఇసుక కలిసినట్టున్నది."

"మామ కలిసిండా?"

"లేడు. సమ్మెల ఉన్నడట. గేటుకాడ ఇంకొకాయన ఇచ్చిండు."

ఆమె వేళ్లు చున్నీకి తుడుచుకుంది.

"బస్సులు లేకున్నా గంత దూరం తిప్పలవడి తెచ్చినవ్. నేను సూడు, అనుమానం పడుతున్న," అని నవ్వింది.

అంతే మాట్లాడుకున్నాం. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. ఆమె వాళ్ల మామకు ఫోన్ చేయలేదు. నా మాట నమ్మకుండా ఫోన్ చేయడం నన్ను అవమానించినట్టు అవుతుందని అనుకుని ఉంటుంది. అలాంటి మనిషి.

ఆ బూడిదతో ఉత్ప్రేరకం చేయడానికే టైం సరిపోయింది, ముందుగా ఒకసారి చేసి చూసుకోవడం కుదరలేదు. కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. టీలు తాగారు. ఆటోక్లేవ్ బిగించారు, వేడి చేశారు, ఎదురుచూశారు. అనిత కొత్త డ్రెస్ వేసుకొచ్చింది. శాంపిల్ తీసి యంత్రంలోకి ఎక్కించారు. గ్లిజరాల్ గీత ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది. పక్కన ఏమీ లేవలేదు. ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేక కాగితం మీద గీతనే చూస్తూ నిలబడ్డాను. మళ్లీ ఎక్కించమంది. మళ్లీ అదే. "గిట్ల ఎప్పుడు కాలే సార్, నిజంగ," అంది. వచ్చినవాళ్లలో ఒకాయన ఆ మాట తీరుకు పక్కాయన వైపు చూసి చిన్నగా నవ్వాడు. తర్వాత, మొదట్లో వచ్చిన ఆ అందమైన గీతలు యంత్రం గీసిందా, మనిషి గీసిందా అని అడిగాడు. సారు ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు.

సాయంత్రం సారు నన్ను ఒక్కణ్ణి పిలిచారు. ఆమె చేసిన పాత ప్రయోగాలు దగ్గరుండి చూశావా అని అడిగారు. చూశాను. శాంపిల్ ఎక్కించింది నేనే అని మీకు ముందే చెప్పాను. సారుకు మాత్రం, నేను నా పనిలో ఉండేవాణ్ణి సార్, సరిగ్గా గమనించలేదు అని చెప్పాను. ఆయన తల ఊపారు. మరుసటి రోజు ప్రయోగశాల శుభ్రం చేస్తానని నేనే ముందుకొచ్చి, సంచిలో మిగిలిన బూడిదను కాలేజీ వెనక కాలువలో పోసి నీళ్లు కొట్టాను. ఆ వర్షాకాలం నీళ్లకు అది ఎంత దూరం పోయిందో తెలియదు.

అనిత స్కాలర్‌షిప్ ఆగిపోయింది. కొన్నాళ్లు తన ఖర్చులతో వచ్చింది. మళ్లీ భూపాలపల్లి నుంచి బూడిద తెచ్చి చేస్తానంటే సారు ఆటోక్లేవ్ ముట్టనివ్వలేదు. తప్పుడు లెక్కలు చూపించిన అమ్మాయి అనే మాట కాలేజీలో ఒక్కొక్కరి నోటా తిరిగింది. ఒకరోజు ఆమె రాలేదు. హాస్టల్ గది ఖాళీ చేసి వెళ్లిందని వాచ్‌మన్ చెప్పాడు. నా అల్యూమినా మీద ప్రాజెక్టు కొనసాగింది. ఫలితాలు మామూలుగా వచ్చాయి, మామూలుగా రాశాను, డాక్టరేట్ వచ్చింది. తెలంగాణ వచ్చిన రోజున స్వీట్లు పంచాను. తర్వాత ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

ఇక్కడ దాకా రాసి లేచి వెళ్లాను. కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఎందుకంటే ఇంతవరకు రాసింది సగమే.

మీరు ఇప్పుడు నా గురించి ఏమనుకుంటున్నారో నేను ఊహించగలను. సోమరితనం, ఉద్యమం ఊపు, ఒక అబద్ధం, దాన్ని కాపాడుకోవడానికి ఇంకొన్ని. అంతే అయితే ఇన్నేళ్లు మోయాల్సిన పని లేదు. ఏదో ఒక పెళ్లిలో నవ్వుతూ చెప్పేసి ఉండేవాణ్ణి.

ఊరి నుంచి తిరిగి వచ్చాక సంచిని నేరుగా ఆమెకు ఇవ్వలేదు. ముందు ప్రయోగశాలలో ఒక మూలకు తీసుకెళ్లాను. ఎవరూ లేరు. చిటికెడు బూడిద పరీక్షనాళికలో వేసి, దాని మీద నాలుగు చుక్కలు ఆమ్లం పోశాను. కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. చాలా కొద్దిగా. కానీ వచ్చింది. కెమిస్ట్రీ చదివినవాడెవడికైనా ఆ వాసన ఏమిటో తెలుసు. అది గంధకం. గంధకం రాగికి పడదు. రాగి ఉత్ప్రేరకాన్ని చంపడానికి అంతకంటే మంచి విషం లేదు. అది నాకు తెలుసు. బాగా తెలుసు. సమ్మె మొదలయ్యే ముందు వారమే దాని మీద నేను పాఠం చెప్పి ఉన్నాను, ఎం.ఎస్సీ. పిల్లలకు.

పరీక్షనాళిక కడిగి బోర్లించాను. సంచి భుజాన వేసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని రకాలుగా అడిగానో చెప్పలేను. వెనక్కి తగ్గి, చెల్లె, నేను పోలేదు, ఇది బట్టీ బూడిద అంటే ఏమయ్యేది? తిట్టేది. కంపెనీవాళ్లను ఇంకో వారం ఆగమని సారు బతిమాలేవారు. సమ్మె కాలం, ఎవరైనా అర్థం చేసుకునేవారు. నా పరువు కొంచెం పోయేది, అంతే. అయితే పరువు కోసమా? చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను. కానీ ఆ వాసన తగిలినప్పుడు నా ఒంట్లో కదిలింది భయం కాదు. అది ఏమిటో నాకు తెలుసు. ఒక తేలిక. నా అల్యూమినా గీతల పక్కన ఆమె గీతలు పెట్టి సారు చూసే ప్రతిసారీ నాలో కుతకుతలాడేది ఏదో ఆ క్షణాన చల్లబడింది. అడవిలోంచి వచ్చిన పిల్ల, నాకంటే వెనక చేరిన పిల్ల, ఊరికే దొరికే బూడిదతో నన్ను దాటిపోయింది. నేను ఆమెను చెల్లె అనేవాణ్ణి. నిజంగానే ప్రేమగా అనేవాణ్ణి. ఆ ప్రేమా, ఈ కుళ్లూ రెండూ ఒకే ఛాతీలో ఎలా పట్టాయో నాకు అర్థం కాదు. ఇది ప్రయోగం చేసి తేల్చుకునే విషయం కాదు. కుళ్లుతోనే ఇచ్చాను. ఇది ఇంతకుముందు ఎప్పుడూ, నాలో నేను కూడా, ఇన్ని మాటల్లో అనుకోలేదు.

ఈ మధ్య ఏదో పని మీద తొర్రూరు వెళ్లాను. బస్టాండులో ఎవరో అన్నా అని పిలిచారు. తిరిగి చూస్తే అనిత. జుట్టు కొంచెం నెరిసింది. తండా పిల్లల బడిలో సైన్స్ చెబుతోందట. నన్ను చూసి ఎంత సంతోషపడిందంటే, నాకు పారిపోవాలనిపించింది. చెరుకు రసం ఇప్పించింది. అవీ ఇవీ మాట్లాడాక, తనంతట తానే ఆ ప్రయోగం సంగతి తీసింది. అది ఎందుకు ఫెయిలయ్యిందో తనకు తెలిసిందట. ఎన్నో ఏళ్లు ఆలోచించిందట. ఆ రోజు బూడిద గరుకుగా ఉన్నప్పుడే ఇంకా ఎక్కువ సార్లు కడగాల్సింది, కంపెనీవాళ్లు వస్తున్నారనే తొందరలో కడుగుడు తక్కువ చేసింది, గంధకం ఏదో మిగిలిపోయి ఉంటుంది. పిల్లలకు కూడా ఇదే చెబుతుందట. ప్రయోగం చెడిపోతే ఎవరినీ అనకండి, ముందు మీ చేతులను అడగండి అని.

"తప్పు నాదే అన్నా. అప్పుడు ఊకె సారును తిట్టుకున్న," అంది.

గ్లాసులో అడుగున ఐసు ముక్క మిగిలింది. ఆమె జవాబును దాదాపు సరిగ్గా కనుక్కుంది. గంధకం దాకా వచ్చింది. అది సంచిలోకి ఎలా వచ్చిందన్న ఒక్క అడుగు మాత్రం వేయలేదు. వేయాలంటే నన్ను అనుమానించాలి. నేను తల ఊపాను. అప్పట్లో నా అబద్ధం విని సారు తల ఊపినట్టే. కొత్తగూడ బస్సు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ చేతి వేళ్లు చూశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు ఎవరు క్షమించడానికి? ఆమెకు ఉత్తరం రాస్తానని కూడా చెప్పను. చెప్పి, రాయకపోతే, అది ఇంకో అబద్ధం అవుతుంది. ఈ కాగితాలు ఎలాగో ఒకలా ఆమె కంట పడితే ఆమె గుర్తుపడుతుంది. పేరు మార్చినా గుర్తుపడుతుంది. అప్పుడు ఏం చేయాలో ఆమె ఇష్టం. ఏం చేసినా పోయిన డాక్టరేట్ రాదు, నా మీద ఉన్న గౌరవంతో ఇన్నేళ్లు తన చేతులను తాను తిట్టుకున్నది వెనక్కి పోదు. అది నాకు తెలుసు.

ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఆమె వేళ్ల మధ్య బూడిద రుద్దుతూ ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబు బాకీ ఉంది. ఇన్నేళ్లుగా గొంతులో ఉన్నది ఆ జవాబే. ఎవరికీ వినబడకపోయినా, గదిలో ఒక్కణ్ణే ఉన్నా, ఇప్పుడే దాన్ని పైకి అన్నాను.

కాదు చెల్లె. అది అక్కడిది కాదు.